మానేసింది కాదు, తీసేసిన్రు

పొద్దున్నే ఎదురింటి సులోచన ఆ మాట అనకపోయి ఉంటే నవత కాస్త ఉప్మా అయినా తినేది. పాల ప్యాకెట్ల కోసం గేటు దగ్గరికి వెళ్లింది, అంతే.

"ఇంట్ల హాయిగున్నట్టుంది గదా నవతా! మా తమ్ముని ఆఫీసుల నీ అసొంటి పనే ఉందని మొన్న మీ అత్తమ్మకు చెప్పిన. అవసరం లేదు, మా కోడలే మానేసింది అన్నది. అదృష్టవంతురాలివమ్మా!"

నవతకు ఒళ్లు మండిపోయింది. మానేసిందట, మానేసింది! ఏళ్ల తరబడి చేసిన ఉద్యోగంలోంచి ఒక్క వీడియో కాల్‌తో తీసేశారు. అప్పటి నుంచి ఎంతమందిని బతిమాలింది! తీరా ఇంటిదాకా వచ్చిన పనిని ఇంట్లోవాళ్లే వెళ్లగొట్టారు.

లోపలికొచ్చి పాల ప్యాకెట్లు వంటగట్టు మీద విసిరేసినంత పని చేసింది.

"నేను మానేసిన్నా అత్తమ్మా? ఎవరు చెప్పిన్రు మీకు?"

అరుంధతి చేతిలో గరిటె ఆగింది. "నీ మంచికే అన్న. తీసేసిన్రంటే గల్లీల ఇజ్జత్ ఏముంటది?"

"ఉద్యోగం పోయింది నాది! నేనేమన్న దొంగతనం చేసి దొరికిన్నా, దాచనీకి?"

"జర మెల్లగ. బయటికి వినిపిస్తది," అన్నాడు సుమంత్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"విననియ్!" భర్త మీద విరుచుకుపడింది నవత.

అరుంధతి కూడా గొంతు పెంచింది. "చావింటికి వచ్చినట్టు అందరొచ్చి పరామర్శ చేస్తే తెలుస్తది నీకు! మీ మామయ్యను ఫ్యాక్టరీల తీసేసినప్పుడు ఒక్కరికన్న తెల్వనిచ్చిన్నా? పాణం బాగలేక మానేసిండని చెప్పి పరువు కాపాడిన!"

మామ బాలకిషన్ పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆయన గొంతు ఎప్పుడూ లేవదు. ఇవాళ లేచింది.

"కాపాడినవా? పని అడగనీకి ఏ షెడ్డుకు పోయినా, నీకు పాణం బాగలేదట గదా, ఇంటికాడ రెస్ట్ తీసుకో అన్నరు. రోగమున్నోన్ని ఎవడు పెట్టుకుంటడు అరుంధతీ? నువ్వు బాధపడ్తవని ఇన్నేండ్లు నోరు మూసుకున్న. ఇప్పుడు కోడలికి గూడ గదే చేస్తవా?"

ఉప్మా మాడుతున్న వాసన వచ్చింది. ఇంట్లో కూర్చుంటే ఎట్లా అని ఆ రోజుల్లో మొగుణ్ణి ఎన్నిసార్లు దెప్పిందో! అదంతా గుర్తొచ్చి అరుంధతికి ఏడుపు ముంచుకొచ్చింది. ఆయనకు పని దొరక్కుండా చేసింది తన మాటే.

కొంగుతో కళ్లు తుడుచుకుంది. స్టవ్ కట్టేసి విసవిసా గేటు దగ్గరికి నడిచింది.

"సులోచనా! ఓ సులోచనా!" ఆ కేకకు గల్లీలో నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. "మా కోడలు మానెయ్యలే. తీసేసిన్రు! ఆమె తప్పేం లేదు, తీసేసినోల్ల కండ్లు పోను! మొన్న నేను చెప్పింది అబద్ధం. మీ తమ్మునికి ఇప్పుడే ఫోన్ చెయ్!"

"అయ్యో, తీసేసిన్రా! పాపం..." సులోచన బుగ్గలు నొక్కుకుంది.

"పాపం గీపం తర్వాత! ముందుగాల ఫోన్ చెయ్!"

గుమ్మంలో నిల్చున్న నవతకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. వెళ్లి అత్త చెయ్యి పట్టుకుంది.

"నంబర్ ఇయ్యండి ఆంటీ," అంది సులోచనతో. "నేనే మాట్లాడ్త."