పత్తిమిల్లులో ఎర్రజుట్టు దెయ్యం

నంద్యాలలో మూతపడిన ఆ పత్తిమిల్లు పేరెత్తితే, పొద్దుగూకినాక ఎవరూ మాట పొడిగించేవాళ్లు కారు. మిషన్లు ఆగి ఏళ్లయినా లోపల ఏదో తిరుగుతోందనేవాళ్లు. గొర్రెలు కాసే మద్దిలేటి ఒకసారి ఆ గోడ దగ్గర చెప్పులు వదిలేసి పరిగెత్తాడు. కొత్త చెప్పులే... అయినా మళ్లీ పోయి తెచ్చుకోలేదు.

పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదో, తొమ్మిదో అంటారు. వినాయక చవితి వెళ్లి పున్నమి దగ్గరపడింది. అంగడి మహానందమ్మ ఆళ్లగడ్డలో కూతురింటికి పోయి, మనవరాలు ఇందుమతిని వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. ఒక చేతిలో కూతురు కట్టిచ్చిన గారెల క్యారియరు, ఇంకో చేతిలో పిల్ల. బస్సు దిగేసరికి చీకటి. ఊరంతా కరెంటు లేదు. దగ్గరి దారేమో మిల్లు పక్కనుంచే. దెయ్యాలంటే మహానందమ్మకు లెక్కలేదు – అని ఆమే అందరికీ చెప్పేది.

గోడ సగం దాటారో లేదో –

ఘల్... ఘల్ ఘల్...

"అవ్వా, గజ్జెలు!" పిల్ల గుసగుసలాడింది.

"గజ్జెలూ లేవు, ఏం లేవు. బిరబిరా నడువు."

కొంగు సర్దుకుందామని చెయ్యి వదిలింది. అంతే! ఇందుమతి విరిగిన గేటు సందులోంచి లోపలికి దూరిపోయింది.

"ఒసేయ్, యాడికి పోతాండావే?"

గజ్జెల చప్పుడు ఠక్కున ఆగింది.

మహానందమ్మకు వెనక్కి పరిగెత్తాలనిపించింది... కానీ పిల్ల లోపలుంది. అహోబిలం నరసింహస్వామిని తలుచుకుంటూ, మోచేతులు గీరుకుపోతున్నా ఆ సందులోనే దూరింది.

లోపల వెన్నెల. ఆవరణ నడుమ – ఎర్రటి మొహం. మిడిగుడ్లు. బయటికొచ్చిన కోరలు. నడుం దాకా ఎర్రజుట్టు. అది ఇందుమతి మీదికి వంగుతోంది... వంగుతోంది...

మహానందమ్మ క్యారియరెత్తి దాని నెత్తిన ఒక్కటేసింది.

"అమ్మా! కొట్టొద్దమ్మా!" అని అరిచింది దెయ్యం.

కిందికి చూస్తే, గజ్జెల కింద కేన్వాసు బూట్లు.

"ఏందీ... దెయ్యానికి బూట్లేందప్పా?"

ఆ మొహం ఊడొచ్చింది. వెనకాల నుదురు రుద్దుకుంటూ మిల్లు కాపలావాడు ఆశాకాజీ. కొత్తగా వచ్చాడు, ఊరంతా గూర్ఖా అని పిలుస్తుంది.

వాళ్లది ఖాట్మండు అంట. ఒకే మానుతో కట్టిన కాష్ఠమండపం ఉందనీ, ఊరికి ఆ పేరే వచ్చిందనీ వచ్చీరాని తెలుగులో చెప్పాడు. ఈ దినాల్లో ఆడ ఇంద్రుడి జాతర. ఓ చిన్నపిల్లను దేవతగా రథమెక్కిస్తారు. వీధుల్లో ఎర్రజుట్టు రాక్షసుడు ఆడతాడు. వాడు పూర్వం ఆ ఊరి పడుచును ఇష్టపడి, పిల్లలందరికీ కాపలా ఉంటానని మాటిచ్చి ఉండిపోయాడంట.

"మా నాయన ఆడేవాడు. నేను పోక ఏండ్లయింది. అందుకే... ఈడ... ఒక్కడినే." గొంతు తగ్గించాడు. "మిల్లు సేటుకు చెప్పొద్దమ్మా. పని పోతాది."

ఆకు పరిచి జాతర తిండి పెట్టాడు. అటుకులు, వేయించిన నల్ల సోయా గింజలు, అల్లం ముక్కలు, పెనం మీద కాల్చిన మినపరొట్టె. ఇందుమతి అప్పుడే నమిలేస్తోంది. మహానందమ్మ ఓ ముక్క తుంచి నోట్లో వేసుకుంది.

"ఇది మా గారెల పిండే గదప్పా! ఉప్పే తక్కువ."

సొట్టపోయిన క్యారియరు తెరిచి, గారెలన్నీ అతని ఆకులో పెట్టింది. అతను తిన్నాడు. తిన్నంతసేపూ తలెత్తలేదు.

తర్వాత మళ్లీ వంగాడు. నుదురు ఇందుమతి పాదాలకు ఆనించాడు. "మా ఊర్లో ఈ పొద్దు రాజు కూడా పిల్లకు మొక్కుతాడమ్మా. ఇందాక వంగింది ఇందుకే."

మహానందమ్మ అతని నుదుటి మీది బొప్పిని కొంగుతో అద్దింది.

పొద్దున మోచేతుల మీద గీతలు చూసి వీధి వీధంతా మూగింది. "మిల్లులో ఏమన్నా ఉందా మహానందమ్మా?"

ఆమె అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"ఉంది. ఎర్రజుట్టు... ఇంతింత కోరలు. ఏటేటా గారెలు పెట్టి రమ్మనింది. నేను తప్ప ఎవురూ ఆ పక్కకు పోవద్దండి."