తిన్నానని చెప్పు

ఆ షుగరు వార్డులో పదకొండో నంబరు మంచం ఇస్తామంటే, నడవలో కటిక నేల మీదైనా పడుకుంటాం గానీ అక్కడ మాత్రం వద్దనేవాళ్ళు జనం.

వార్డంటే పొడవాటి గది. ఇటు చివర తలుపు, తలుపు పక్కన ఒకటో మంచం. అటు చివర గోడ, గోడకి ఆనుకుని మందుల ఫ్రిజ్జు, దాని పక్కన పదకొండోది. కిటికీ లేదు. పైన ఫ్యాను ఉందంటే ఉంది, తిరగదు.

అక్కడికి అర్ధరాత్రి దాటాక ఒకావిడ వస్తుందట. తెల్లబట్టలు. అడుగుల చప్పుడు ఉండదు. మొహం కూడా ఉండదు — మొహం ఉండాల్సిన చోట కళ్ళు చెదిరే వెలుగు ఒకటి. మంచం చివర నిలబడి, మెల్లగా, పక్క మంచానికి కూడా వినపడనంత మెల్లగా, ఒకే ఒక్క మాట అడుగుతుంది.

"తిన్నావా?"

లేదన్నారో... అంతే సంగతులు. తెల్లారి చూస్తే మంచం ఖాళీ, దుప్పటితో సహా మనిషి మాయం. తిన్నానంటే మాత్రం తల ఊపి, వచ్చిన దారినే పోతుంది. తిన్నానన్న వాళ్ళలోనూ కొందరు తెల్లారేసరికి పోయారు కదా అని ఎవరైనా అడిగితే, ఆవిడ రెండోసారి వచ్చి ఉంటుందిలే అని సర్దేసేవాళ్ళు. దెయ్యాల లెక్కల్లో తప్పులు పట్టకూడదు మరి.

ఇదంతా గాల్లోంచి పుట్టలేదు. కళ్ళారా చూసినవాళ్ళు చెప్పిందే... చెమటలు కక్కుతూ, వణుకుతూ, నాలుక మడతపడుతుంటే చెప్పిందే. వార్డు ఊడ్చే ఆయా అయితే ఒట్టేసి మరీ చెప్పేది. ఆవిడని అందరూ రేడియో అనేవాళ్ళు, పొద్దున మొదలుపెడితే రాత్రి దాకా ఆగదు కాబట్టి. మనసు మాత్రం వెన్నే. పదకొండో మంచానికి ఎవరొచ్చినా ఆ సాయంత్రమే పక్కన చేరి, చెవిలో వేసేది.

"రాత్రి ఎవరన్నా వచ్చి తిన్నావా అంటే... తిన్నానని చెప్పు. తిన్నా, తినకపోయినా. ఇంకో మాట మాట్లాడకు."

ఇలాంటి కబుర్లు చెవిన పడితే ఒంటికాలి మీద లేచే మనిషి ఆ వార్డులోనే ఒకావిడ ఉంది. గడియారం సిస్టరు. ఎడమవైపు గుండె మీద పిన్నుకి వేలాడే చిన్న గడియారం, దాన్ని బట్టి ఆ పేరు. తొమ్మిదేళ్ళుగా సాయంత్రం డ్యూటీ ఆవిడదే. ఆరున్నర అయిందంటే చేతిలో ఇన్సులిన్ సూది ఉండాల్సిందే. ఫ్రిజ్జు అటు చివర కదా, సీసా తీసి పదకొండో మంచంతో మొదలుపెట్టి ఒకటోదానితో ముగించేది. నిమిషం అటూ ఇటూ అయ్యేది కాదు. ఎనిమిదికల్లా రాత్రి సిస్టరుకి అప్పగింతలు రాసేసి ఇంటికి.

"దెయ్యమూ లేదు, నీ మొహమూ లేదు. షుగరు రోగికి టైము తప్పడమే పెద్ద దెయ్యం," అని రేడియోని కసిరేది.

ఇంట్లో ఆవిడకి ఉన్నది ఒక్క అక్క. అమ్మ పోయాక కుట్టుమిషను తొక్కి పెంచిన అక్క, ఆ మిషను మీదే నర్సింగు చదివించిన అక్క. తన పెళ్ళి మాట ఎవర్నీ ఎత్తనివ్వలేదు. ఇరవై ఏళ్ళుగా షుగరు. "ఊరందరికీ సూదులు పొడుస్తావు, నాకు పొడవాలంటే మాత్రం నువ్వే ఏడుస్తావేంటే చిట్టీ," అని నవ్వేది.

ఆ అక్కకి కుడిపాదం మీద పుండు పడింది. ఏళ్ళ తరబడి షుగరు నరాలని తినేసింది కదా, పాదంలో స్పర్శ లేదు. చెప్పులోంచి మేకు దిగినా తెలియలేదు. తెలిసేసరికి వేళ్ళు నల్లబడుతున్నాయి, షుగరు నాలుగు వందలు దాటింది.

"రెండు వారాలు షుగరు అదుపులో ఉంచితే పాదం దక్కుతుంది. లేకపోతే మోకాలి దాకా తీసేయాలి," అన్నాడు డాక్టరు. మిషను తొక్కే కాలు అది.

వార్డులో ఖాళీగా ఉన్నది ఒక్క మంచమే. పదకొండు.

"అక్కడ వద్దు సిస్టరమ్మా," అంది రేడియో, చీపురు పక్కన పెట్టి. "మీ కాళ్ళు పట్టుకుంటాను."

"పట్టుకుందువుగానీ, ముందు నేల తుడువు," అని గడియారం సిస్టరే అక్కకి పక్క పరిచింది.

మొదటి రెండు రోజులూ ఇంటి నుంచి డబ్బా తెచ్చింది. ఆరున్నరకి సూది, సరిగ్గా ఏడింటికి పక్కన కూర్చుని చిన్నపిల్లకి పెట్టినట్టు తినిపించింది. షుగరు దిగింది. పుండు అంచుల్లో కొంచెం ఎరుపు తిరిగింది. అది చూసి స్టోరుగదిలోకి వెళ్ళి ఒక్కతే కాసేపు ఏడ్చుకుంది, సంతోషంతో.

మూడో రోజు అక్కే అంది. "డ్యూటీ చేసుకుంటూ మళ్ళీ నాకోసం వండి మోయడమెందుకే? కళ్ళు చూడు, ఎలా పీక్కుపోయాయో. అందరూ తినేదే నేనూ తింటాను. ఇక్కడా పెడుతున్నారుగా."

సరేనంది. ఆ సాయంత్రం ఆరున్నరకి, ఎప్పటిలాగే, మొదటి సూది పదకొండో మంచానికి.

ఏడుంపావుకి హెడ్డు సిస్టరు ఫోను చేసింది. రాత్రి డ్యూటీ అమ్మాయికి జ్వరమట. "మీ అక్కగారు కూడా అక్కడే ఉన్నారుగా... ఈ ఒక్క రాత్రికి మీరే చూసుకోండి. రెండింటికి ఒక రౌండు వేయాలి. సూది పడ్డవాళ్ళని తిన్నారో లేదో అడిగి చార్టులో రాయండి. లేదన్నవాళ్ళకే వేలు గుచ్చి షుగరు చూడండి, అందరికీ చూడటానికి పరీక్ష పట్టీలు చాలవు."

తొమ్మిదేళ్ళలో ఆవిడకి అది మొదటి రాత్రి. అక్క కళ్ళ ముందే ఉంటుంది, అంతకంటే ఏం కావాలి అనుకుంది.

ఎనిమిదికి రెండో మంచం మీదకి ఒక పిల్లని తెచ్చి పడేశారు. పద్నాలుగేళ్ళుంటాయి. ఒంట్లో ఇన్సులిన్ అన్నదే లేక రక్తం విషమైపోతోంది... ఊపిరి ఎగదీస్తోంది, నోట్లోంచి కుళ్ళిన పళ్ళ వాసన. సెలైను, గంట గంటకీ పరీక్ష, పక్కన తల్లి ఏడుపు. వెనకాల భోజనాల బండి చక్రాలు కీచుమంటూ లోపలికి పోవడం వినపడింది గానీ తల తిప్పి చూసే తీరిక లేదు.

పదింటికి ఒక్క పరుగున వెళ్ళి చూసింది. అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి సర్ది, లేపడం ఎందుకని వచ్చేసింది.

రెండయింది.

వార్డంతా చీకటి. టార్చి తీసుకుంది. నిద్రలు చెడగొట్టకూడదని రబ్బరు చెప్పులతో మెల్లగా... ఒక్కో మంచం దగ్గరా ఆగి... ఒక్కో మొహం మీదా వెలుగు వేసి... ఒకటే మాట. మూడో మంచం తిన్నానంది. ఆరో మంచం విసుక్కుంది. తొమ్మిది... పది...

పదకొండో మంచం చివర నిలబడింది. టార్చి ఎత్తింది.

అక్క మేలుకునే ఉంది. కళ్ళు పత్తికాయల్లా తెరుచుకుని ఉన్నాయి. నుదుటికి జుట్టు అతుక్కుపోయి ఉంది. ఫ్యాను తిరగని మూల, ఉక్కపోత.

"తిన్నావా?"

అక్క రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. వేళ్ళు వణుకుతున్నాయి.

"తిన్నాను."

"ఏంటక్కా, నిద్ర పట్టలేదా?"

"తిన్నాను... తిన్నానమ్మా... నేను తిన్నాను..."

అమ్మా అంటుందేమిటి? పుట్టి బుద్ధెరిగాక అక్క తనని చిట్టీ అనే తప్ప ఇంకోలా పిలవలేదు. తనని చూసి అక్క భయపడుతోంది. తనని చూసే. పీడకల కాబోలు, నుదురు తడుముదామని ఒక అడుగు ముందుకేసింది...

"సిస్టర్, పాప ఊపిరి చూడండి..." అని రెండో మంచం దగ్గర్నుంచి తల్లి గొంతు.

పరిగెత్తింది. పరిగెత్తే ముందు, చేతిలో చార్టు ఉంది కాబట్టి, పద్ధతి ప్రకారం ఒక ముక్క రాసింది. రాత్రి రెండు. తిన్నారు.

ఆ పిల్ల గండం గడిచేసరికి నాలుగున్నర. అప్పుడు వచ్చింది అక్క దగ్గరికి.

పక్కంతా తడిసి ముద్దయింది. ఒళ్ళు చల్లగా ఉంది. పిలిచింది. కుదిపింది. గిల్లింది. వేలు గుచ్చి రక్తం షుగరు మిషనుకి పెడితే, అంకె రాలేదు. అంకెకి అందనంత తక్కువ అని మాత్రం చూపించింది.

నరం దొరకబుచ్చుకుని గ్లూకోజు ఎక్కించింది. షుగరు పడిపోయినవాళ్ళు మామూలుగా రెండు నిమిషాల్లో లేచి కూర్చుంటారు, ఏమైందని అడుగుతారు. గుండె మీది గడియారం చూసుకుంటూ నిలబడింది. రెండు నిమిషాలు. ఐదు. పది... డాక్టరు వచ్చాడు, ఇంకో సీసా ఎక్కింది. తెలతెలవారుతుండగా అక్క కళ్ళు తెరిచింది.

తెరిచిందంతే. ఆ కళ్ళల్లో మనిషి లేదు.

మంచం పక్క అలమర తలుపు తీస్తే, ఒక కంచం మీద ఇంకో కంచం బోర్లించి ఉంది. లోపల పెట్టింది పెట్టినట్టే ఉంది.

రేడియో చీపురుతో వచ్చి, చూసి, అక్కడే కూలబడింది. "మొదటి రోజే చెప్పాను సిస్టరమ్మా, మీకు తెలియకుండా... ఎవరన్నా వచ్చి అడిగితే తిన్నానని చెప్పమ్మా అని. చెప్పలేదా? లేదనేసిందా?"

గడియారం సిస్టరు తన తెల్లబట్టలు చూసుకుంది. రబ్బరు చెప్పులు చూసుకుంది. చేతిలో ఇంకా వెలుగుతున్న టార్చి చూసుకుంది.

"చెప్పింది," అంది. "నాతోనే చెప్పింది."

ఆ రోజంతా పాత చార్టులు ముందేసుకుని కూర్చుంది. పదకొండో మంచం మీద రాత్రి రెండింటికి లేదన్నవాళ్ళు ఏడుగురు. రాత్రి సిస్టరు వెంటనే వేలు గుచ్చింది, గ్లూకోజు పెట్టింది, దుప్పటితో సహా పై అంతస్తుకి పంపింది. ఏడుగురూ అట్నుంచి అటే నడుచుకుంటూ ఇంటికెళ్ళారు. మాయమైంది వీళ్ళే. తిన్నానన్నవాళ్ళలో తెల్లారేసరికి పోయినవాళ్ళు నలుగురు. గుండె ఆగిందని రాసి ఉంది. పాత షుగరు మనిషి, అర్ధరాత్రి పోతే గుండే అనుకుంటారు, ఇంకేమనుకుంటారు?

అన్ని చార్టుల్లోనూ సాయంత్రం ఆరున్నర అన్నది తన చేతిరాతే.

భోజనాల బండి తలుపు దగ్గర ఒకటో మంచంతో మొదలై, అడుగున మిగిలింది గీరుకుంటూ పదకొండో మంచానికి చేరేసరికి ఎనిమిదీ ముప్పావు. సూది ఈ చివర్నుంచి, తిండి ఆ చివర్నుంచి. ఒంట్లోకి వెళ్ళిన ఇన్సులిన్ బండి కోసం ఆగదు. సగం మందు వెంటనే పని మొదలెడుతుంది, మిగతా సగం నడిరాత్రికి. తిండి వచ్చేసరికి మగత కమ్మి మనిషి ముద్ద ముట్టడు. మెదడుకి దాచుకున్న షుగరంటూ ఉండదు, రక్తంలో దొరికితేనే దానికి తిండి. అది మాడుతుంటే ఎదుటిమనిషి ఎవరో తెలియదు, లేనివి కనిపిస్తాయి. పాతరోగులకైతే ఆకలని ఒళ్ళు ముందుగా హెచ్చరించడం కూడా మానేస్తుంది.

ఇదంతా ఆవిడకి తెలియనిదేం కాదు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంది. అక్కకి అరగంటలో దగ్గరుండి పెట్టింది కూడా. పదకొండో మంచానికి తిండి ఎప్పుడొస్తుందని మాత్రం తొమ్మిదేళ్ళలో ఒక్కసారి అడగలేదు. ఎనిమిదికి ఇంటికెళ్ళిపోయేది.

ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి పైవాళ్ళకి ఇచ్చింది. చూద్దామన్నారు. చూసి, వార్డు వాళ్ళ భయం తీర్చాలని పదకొండో మంచం ఎత్తించి స్టోరులో పడేశారు. గోడకి సున్నం కొట్టించారు. ఫ్రిజ్జు ఉన్నచోటే ఉంది. బండి వచ్చే దారినే వస్తోంది. ఇప్పుడు చివరి మంచం పదోది.

ఆ పదో మంచానికి కూడా ఈమధ్య పేరు పడిందట. రేడియో నోరు విప్పడం మానేసినా కథ ఆగలేదు. ఇప్పుడు వచ్చే ఆవిడకి గుండె మీద చిన్న గడియారం వేలాడుతుంటుందని చూసినవాళ్ళు చెబుతున్నారు. గడియారం సిస్టరు ఉద్యోగం మానేసి అప్పటికి ఆరు నెలలు...

అక్క ఇంట్లోనే ఉంది. కాలు మోకాలి దాకా తీసేశారు. కుట్టుమిషను పక్కనే మంచం, ముక్కులో గొట్టం. చిట్టి టైము ప్రకారం అందులో తిండి పోస్తుంది, పోశాకే సూది పొడుస్తుంది. పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంది. నొప్పిగా ఉందా అక్కా అంటుంది. నేనెవర్నో చెప్పు అంటుంది. నా మీద కోపమా అని కూడా అడిగింది ఒకసారి, ఏడుస్తూ.

ఏది అడిగినా అక్క రెండు చేతులూ వణుకుతూ పైకి లేస్తాయి. ఆవిడకి మిగిలింది ఒక్క మాటే.

"తిన్నాను... తిన్నానమ్మా..."