గురునాథం పంతులుగారి ఆపరేషన్

పరుపు విప్పి దూది చేత్తో పట్టుకున్నానంటే ఆ ఇంటి కాపురం ఎలా ఉందో చెప్పేస్తాను. ఎవరు ఏ పక్క పడుకుంటారు, ఎవరు తెల్లవార్లూ దొర్లుతారు, ఎవరు అలిగి చాప మీదకి మారారు, అన్నీ దూదే చెబుతుంది. దర్శి చుట్టూ పన్నెండు ఊళ్ళలో యాభై ఏళ్ళు దూది ఏకాను. నా అంచనా ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇది ఎనభై నాలుగులో, మిరపకాయలు కల్లాల్లో ఆరుతున్న రోజుల నాటి సంగతి. ఊరంతా ఘాటు. గుళ్ళో నిలబడ్డవాడు కూడా ఒక తుమ్ము తుమ్మాకే దణ్ణం పెట్టుకోవాలి. ఆ పొద్దున శివాలయం అర్చకులు గురునాథం గారింటి నుంచి కబురొస్తే, దూది ఏకే విల్లు భుజాన వేసుకుని వెళ్ళాను. ఆయన భార్య రాజరాజేశ్వరమ్మ పెద్ద పరుపుని వరండాలో పడేసి నిలబడి ఉంది.

"పీరు సాయిబూ, దీన్ని కోసి రెండు చెయ్యి."

"పెళ్ళినాటి పరుపు కదమ్మగారూ! ఇరవై రెండేళ్ళ కిందట నేనే కుట్టాను. దూది తక్కువేశానని మీరు పోట్లాడారు కూడాను."

"అప్పుడు పోట్లాడే ఓపికుంది. రెండు చెయ్యమంటే చెయ్యి."

కత్తెర తీశాను. నాకు సంగతి తెలుసు, తెలుసనే అనుకున్నాను. రెండు నెలల కిందట పంతులుగారికి గుంటూరు బ్రాడీపేటలో ఆపరేషన్ అయింది. మూత్రంలో రాయి తీశారని ఊరికి చెప్పారు, ఇంట్లోనూ అదే చెప్పారు. అప్పట్నుంచి ఆయన మంచం వసారాలోకి వచ్చింది. వారానికోసారి గుంటూరు బస్సెక్కుతున్నారు. నలభై ఆరేళ్ళలో తాగిన చెంబు కడిగి ఎరగని మనిషి, తన పంచెలు తానే ఉతుక్కుంటున్నారు. గుంటూరులో ఇంకో కొంప ఉందని మా ఇంటావిడ మౌలాబీతో ఎప్పుడో తేల్చి చెప్పేశాను.

ఇంతలో పంతులుగారు మడిపంచెతో గుడి నుంచి వచ్చి, మడిచిన కాయితం ఒకటి తీసుకుని మళ్ళీ బయల్దేరారు. ఆవిడ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఆ కాయితం ఏంటండీ?"

"ధర్మకర్త గారికి."

"చదివాను లెండి. రేపట్నుంచి పూజ మీ బాబాయి కొడుక్కి అప్పగిస్తున్నానని రాశారు. తాతల నాటి అర్చకత్వం. ఎందుకొదులుతున్నారు?"

"ఒంట్లో బాగుండటం లేదు."

"బాగుండనివాళ్ళు వారం వారం గుంటూరు ఎలా వెళ్తారు? ఎవరండీ అది? పేరు చెప్పండి. నేను మా అన్నయ్య దగ్గరికి వేటపాలెం పోతాను. దాన్ని తెచ్చుకుని ఏలుకోండి."

"రాజీ! ఛీ!"

"ఛీ అనాల్సింది నేను. రెండు నెలలైంది. నా చెయ్యి తగిలితే నిప్పు తగిలినట్టు దులుపుకుంటున్నారు."

ఆయన గొంతు తగ్గించారు. ఎంత తగ్గించినా వరండాలో ఉన్న నాకు వినబడుతూనే ఉంది.

"తీసింది రాయి కాదే. చక్కెర జబ్బు ముదిరి ముందరి చర్మం బిగుసుకుపోయింది. మూత్రం ఆగి జ్వరం వచ్చింది, గుర్తుందా? ఆ చర్మం చుట్టూ కోసి తీసేశారు. పీరు వాళ్ళకి చిన్నప్పుడు చేస్తారే, ఆ సున్తీయే."

ఆవిడ గుమ్మానికి అడ్డం తప్పుకుంది.

"కుట్ల దగ్గర ఇంకా వాపు. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ. చూసుకుంటే నా ఒళ్ళు కాదనిపిస్తుంది. మూత్రం రెండు పాయలై చిమ్మి పంచె తడుస్తుంది. పొద్దున పూజకి ముందు మూడుసార్లు స్నానం చేస్తున్నాను. బట్ట రాసుకున్నా మంటే. ఇంక నీకు మొగుడిగా పనికొస్తానో లేదో తెలీదు, ఏ మొహంతో నీ దగ్గరికి రాను? అదొక్కటే అయితే ఓర్చుకుందును. అంగహీనుడు లింగాన్ని ముట్టుకోకూడదు రాజీ. రెండు నెలలుగా ముట్టుకుంటున్నాను. ప్రతి అభిషేకం దొంగతనంలా ఉంది."

అదీ సంగతి. నేను కట్టిన గుంటూరు కొంప అక్కడికక్కడే కూలిపోయింది. నిజం చెప్పాలంటే నా అంచనాలు అంతకుముందూ సగానికి సగం తప్పినవే లెండి. దూది ఏం చెబుతుంది, దుమ్ము తప్ప!

ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"ఇప్పుడూ నొప్పిగా ఉందా?" అంది.

ఆ ఒక్క మాటకి ఆయన గడప మీద కూలబడిపోయారు. రెండు నెలల్లో ఆయన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అడగడానికి ఆయన ఎవరికీ చెప్పనూ లేదు.

ఆవిడే మళ్ళీ అడిగింది. "మామయ్యగారికి కుడిచేతి చూపుడు వేలు ఉండేది కాదు. ఎందుకని?"

"పొలంలో పాము కరిస్తే తీసేశారు."

"ఆ తర్వాత ఎన్నేళ్ళు అభిషేకం చేశారు?"

"పంతొమ్మిదేళ్ళు."

"శివుడు లేచి వెళ్ళిపోయాడా?"

"అది పాము చేసిన పని."

"ఇది జబ్బు చేసిన పని. మీరేమన్నా సరదాకి కోయించుకున్నారా?"

ఆవిడ ఆ కాయితం లాక్కుని బొడ్లో దోపుకుంది.

"ఈ వాపూ మంటా డాక్టరుతో చెప్పారా?"

"కట్టు చూసి పంపేస్తాడు. పక్కన నర్సమ్మ ఉంటుంది. నేనేం అడగలేదు."

"అయ్యో రాత! సిగ్గుపడటానికా అంత దూరం బస్సెక్కింది? రేపు నేనూ వస్తున్నాను."

అప్పుడు నేను దగ్గాను. "అమ్మగారూ, కత్తెర వెయ్యనా, వద్దా?"

"వద్దు. దూది ఏకి మళ్ళీ ఒకటిగానే కుట్టు."

పంతులుగారు ఉలిక్కిపడి చూశారు. "పీరూ, అంతా విన్నావా?"

"నాకు చెవుడండీ పంతులుగారూ. సరిగ్గా రెండు నెలల నుంచి."

ఆ మాటకి ఆయన పకపకా నవ్వారు.

మర్నాడు ఇద్దరూ గుంటూరు వెళ్ళారు. అక్కడి సంగతి అమ్మగారు చెప్పగా విన్నదే. నర్సుని బయటికి పంపించి, ఆయన అడగలేనివన్నీ ఆవిడే అడిగిందట. కరగని కుట్టుదారం ముక్క ఒకటి లోపల మిగిలిపోయి మూత్రాన్ని చీలుస్తోందని, డాక్టరు దాన్ని తీసేశాడు. వాపు పూర్తిగా తగ్గడానికి నెలలు పడుతుంది, మంటా అంతే. చక్కెర అదుపులో పెట్టకపోతే ఏ పుండూ మానదు. పూర్తిగా మానాక కాపురానికి ఏ అడ్డూ లేదు. "ఆ వంకర గీత మాత్రం అలాగే ఉండిపోతుంది. చూపుకి తేడాయే గాని లోపం కాదు" అన్నాడట. పంతులుగారు ఆ చివరి మాట మూడుసార్లు చెప్పించుకున్నారట.

ఆ తర్వాతి రోజు పొద్దున ఆవిడ కూడా గుడికి వెళ్ళిందట. పాలచెంబు పట్టుకుని ఆయన గర్భగుడి గడప దగ్గర ఆగిపోయారు. లోపలికీ వెళ్ళరు, వెనక్కీ రారు.

"కానివ్వండి. పాలు విరిగిపోతాయి" అంది ఆవిడ.

ఆయన కుడికాలు లోపల పెట్టారు.

ఇందులో ఒక్కటి నేను కల్పించాను. నా చెవుడు మాటకి ఆయన నవ్వారన్నాను చూశారూ, నవ్వలేదు. వరండాలోకి వచ్చి, నా పక్కన ఆ దూదిలోనే కూర్చుని, మొహానికి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని ఏడ్చారు. మడి సంగతి ఆయనా తలవలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు. ఏం చెయ్యాలో తోచక, కాస్త జరిగి చోటిచ్చాను.