మంచుభూతం అడిగిన సూర్యుడు

వినండి పిల్లలూ, నెమ్మదిగానే చెబుతాను. కొండల నడుమ కంచరాజ్యం అని ఒకటి ఉండేది. ఒక ఏడాది దాని మీద మంచుభూతం వచ్చి కూర్చుంది. పొద్దు కనబడడం మానేసింది. ఎండ తగలని మనుషులు పలచబడిపోసాగారు. ముందు వేళ్ళు, తరువాత చేతులు, చివరికి మనిషే లేకుండా పోయేవాడు. రాజు అలాగే పోయాడు. కొయ్యబొమ్మలకు రంగులేసే పైడితల్లి తండ్రీ అలాగే పోయాడు. ఇప్పుడు ఆమె తల్లి నూకాలుకు మోచేతుల కింద ఏమీ కనబడడం లేదు.

పైడితల్లి కొండెక్కింది. "మా యమ్మనొగ్గీయి," అంది భూతంతో.

భూతం ఆవలించింది. "నాను సూర్యుణ్ణి ఎప్పుడూ సూడ్నేదు. నానొచ్చిన కాడ ఆడుండడు. నీటిరంగుల్తో కాగితమ్మీదేసి సూపించు, ఎల్లిపోతాను."

నీటిరంగుల విద్య ఊబి అవతలి ముసలి కొంగకే తెలుసు. తల్లిని వెంటబెట్టుకుని పైడితల్లి ముళ్ళడవి దాటింది. జలగలు పట్టిన కాళ్ళతో ఊబి దాటింది. కొంగ ఆమెకు రంగులు, ఒక కుంచె, కొన్ని కాగితాలు ఇచ్చింది.

పైడితల్లిది కొయ్య మీద చిక్కటి రంగు పూసిన చేయి. కాగితం మీద నీళ్ళు దాని మాట వినలేదు. ఎరుపు పసుపులోకి పాకింది, రెండూ నీలంలోకి జారి బురదయ్యాయి. సరిచేద్దామని రుద్దితే కాగితం పీచు లేచి చిరిగింది.

"సూర్యుణ్ణేస్తన్నావా, గేదిని కడుగుతున్నావా?" అంది కొంగ. "ఆరకముందే మల్లీ ఎందుకు ముడతావు?"

"ఆరేదాకా కూకుంటే మా యమ్మ మిగల్దు తాతా."

"కూకోకపోతే సూర్యుడు మిగల్డు."

పక్కన కూర్చున్న నూకాలుకు అప్పటికి భుజాలు పోయాయి. "ఇంటికి పోదాం పదవే," అంది. "పోయేదేదో నా గుమ్మంలో పోతాను."

కూతురు ఇంకో కాగితం అందుకుంది. కాగితాలన్నీ పాడై ఒక్కటి మిగిలింది.

దాని మీద ఆమె తొందరపడలేదు. కొండలు వేసి ఆరనిచ్చింది. ఆకాశమంతా నీలం పరిచి చేయి చాచింది. "తెలుపియ్యి తాతా. సూర్యుడి మెరుపు ఆఖర్న పెడతాను." వాళ్ళింట్లో బొమ్మలకు తెల్లచుక్క చివరనే పెడతారు.

కొంగ రెక్కలు దించేసింది. "నీటిరంగుల్లో తెలుపుండదే తల్లీ. కాగితమే తెలుపు. సూర్యుడుండే సోటు రంగెయ్యకుండా ముందే ఒగ్గీవలసింది. నాను సెప్పడం మరిసిపోయాను."

ఇక కాగితం లేదు. నూకాలు మెడ దాకా మంచైపోయింది. పైడితల్లి ఓణీ చెరగు వేలికి చుట్టి, తడి నీలం మీద ఒత్తి ఎత్తింది. రుద్దలేదు. నీలం గుడ్డలోకి పోయి, పాలిపోయిన గుండ్రటి మచ్చ మిగిలింది. అంతే వచ్చింది.

తల్లిని వెంటబెట్టుకుని మళ్ళీ కొండెక్కి, దాన్నే భూతానికి చూపింది.

"ఇదేటి, సచ్చిపోయినోడి మొగంలాగుంది," అంది భూతం. "ఇలాగుంటాడా సూర్యుడు?"

"నీలోంచి సూస్తే ఇలాగే ఉంటాడు. నీ ఎనకాలే ఉన్నాడు. నమ్మకపోతే పోల్చుకో."

సూర్యుడు తన వెనకే ఉన్నాడని భూతానికి అంతవరకు ఎవరూ చెప్పలేదు. బొమ్మ పట్టుకుని వెనక్కి తిరిగింది. తిరిగేసరికి మంచు చిరిగి, ఎండ దాని మొహాన పడింది. భూతం కరిగి కొండవాలున నీరై పారింది.

పోయినవాళ్ళు తిరిగి రాలేదు. రాజూ రాలేదు, తండ్రీ రాలేదు. మిగిలిన జనం పైడితల్లినే రాజ్యం ఏలమన్నారు. ఆమెకు ఆ మాటలు వినబడలేదు. ఎండలో కూర్చున్న తల్లికి మెడ కింద భుజాలు, భుజాల కింద మోచేతులు తేలుతుంటే చూస్తోంది. చివరికి వేళ్ళు కూడా వచ్చాయి. నూకాలు ఆ వేళ్ళతో కూతురి గడ్డం మీది నీలం తుడిచింది.

"రాణీగారు ముందు మొకం కడుక్కోవాల," అంది.