అమ్మ రాకా, మళ్ళీ పరీక్షా

శుక్రవారం పొద్దున్నే అప్పారావు ఇంటి ముందు ఆటో కడుగుతున్నాడు. రాజోలు సెంటర్లో తొలి బస్సు దిగేవాళ్ళను అందుకోవాలంటే ఈపాటికి బయల్దేరి ఉండాలి. బకెట్లో నీళ్ళు అయిపోయినా, తడిగుడ్డతో ఒకేచోట రుద్దుతూ ఉండిపోయాడు. ముందురోజు సాయంత్రం కూతురు ప్రసన్న నీట్ మార్కులు వచ్చాయి. నాలుగువందల డెబ్బై రెండు. అవి మంచి మార్కులో కావో అతనికి అంతుపట్టలేదు. వీధిలో సగంమంది "బాగా తెచ్చుకుందండీ" అన్నారు. మిగతా సగంమంది "అయ్యో, కొంచెంలో పోయిందే!" అన్నారు. అందరికీ ఒకేలా తలూపి వచ్చాడు.

"ఒరే, ఆ ఆటో రంగు పోద్దిరా, ఇంక ఆపు," అంది అరుగుమీద బీరకాయలు చెక్కుతున్న తల్లి సుబ్బమ్మ. "పిల్లనడిగేవా?"

"అడిగేనమ్మా. మళ్ళీ రాయనంటుంది."

"మరి దాని తల్లో?"

"రాయించి తీరాలంటుంది."

"మరి నువ్వేవంటావు?"

"నాకేం తెలుసమ్మా! ఎవరు చెప్పింది వింటే వాళ్ళదే కరెక్టనిపిస్తుంది."

ప్రసన్న ఎనిమిదో తరగతిలో ఉండగా అప్పారావు భార్య ఆదిలక్ష్మి కువైట్ వెళ్ళింది. అక్కడ ఒక పెద్దింట్లో మంచం పట్టిన ముసలావిడకు అన్నీ తనే చేస్తుంది. మధ్యలో ఒక్కసారి వచ్చి వెళ్ళింది. ఈ శ్రావణమాసంతో ఆమె పని ఒప్పందం గడువు తీరుతుంది. ఇంక వెళ్ళేది లేదు, వచ్చేస్తానని ఎప్పటినుంచో చెబుతోంది. ఇప్పుడు ప్రసన్న విజయవాడ హాస్టల్లో ఉండి లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకోవాలంటే మాత్రం ఆదిలక్ష్మి మరో రెండేళ్ళకు సంతకం పెట్టాలి. అప్పారావు ఆటో మీద తిండీ బట్టా నడుస్తాయి గానీ, కోచింగు నడవదు.

అమలాపురంలో ప్రసన్నకు చదువు చెప్పిన అనిల్ కుమార్ మాస్టారికి రాత్రే ఫోన్ చేశాడు.

"కష్టపడే పిల్లండి అప్పారావుగారూ. ఇంకొక్క ఏడాది కూర్చుంటే గవర్నమెంటు సీటు రావచ్చండి," అన్నారు మాస్టారు.

"ఆయ్," అన్నాడు అప్పారావు.

"అలాగని ఖాయంగా చెప్పలేమండి. రెండోసారి తగ్గినవాళ్ళూ ఉన్నారండి."

"ఆయ్," అన్నాడు దానికీ. ఫోన్ పెట్టేశాక, ఏం విన్నాడో అతనికే తెలియలేదు.

శుక్రవారం ఆదిలక్ష్మికి కాస్త తీరిక. టిఫిన్ వేళకు వీడియోకాల్ వచ్చింది. పనిచేసే ఇంటి వంటింట్లో ఓ మూల నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"ప్రసన్నా, విజయవాడలో కోచింగుకి ఫీజు కట్టేయమని నాన్నగారికి చెప్పేను. వచ్చే ఏడు నువ్వే డాక్టరువి. సరేనా అమ్మా?"

"నేను రాయనమ్మా. నర్సింగులో చేరిపోతాను."

"నర్సింగేంటే? చిన్నప్పట్నుంచీ డాక్టరవుతానన్నది ఎవరు?"

"చిన్నప్పుడు అందరూ అంటారు."

"ఏవండీ, మీరు చెప్పరేంటండీ?"

అప్పారావు గొంతు సవరించుకున్నాడు. "అమ్మ చెప్పేది కూడా..." అని మొదలుపెట్టి కూతురి మొహం చూశాడు. "అంటే, పిల్లకి ఇష్టం లేనప్పుడు..." అని మార్చాడు.

"మీరెప్పుడూ ఇంతే! ఎటు గాలొస్తే అటే," అంది ఆదిలక్ష్మి. "ఇన్నేళ్ళు పరాయివాళ్ళ ఇంట్లో ఎవరికోసం చేస్తన్నానండీ చాకిరీ?"

ప్రసన్న ఒక్కసారిగా లేచి నిలబడింది. "నేను చెయ్యమన్నానా? డాక్టరు, డాక్టరని నీకే పిచ్చి. నీ పిచ్చి కోసం నేను చదవను!"

తెరమీద ఆదిలక్ష్మి మొహం అలాగే ఉండిపోయింది. సిగ్నల్ ఆగిందేమో అనుకున్నాడు అప్పారావు. కానీ ఆమె రెప్పలు కదులుతున్నాయి. తర్వాత ఫోన్ కట్టయింది.

ప్రసన్న లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. సుబ్బమ్మ అరుగు మీంచి, "ఏరా, ఎవరు గెలిచేరు?" అని అడిగింది. అతను ఆటో తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆరోజు బేరాలమీద మనసు నిలవలేదు. మలికిపురం వెళ్ళాలన్నవాళ్ళను తాటిపాక దారి పట్టించి తిట్లు తిన్నాడు. కూతురికి ఇష్టం లేదంటే తనకు లోలోపల సంతోషంగా ఉంది, భార్య వచ్చేస్తుంది గనక. ఆ సంతోషం తప్పేమోనని గుబులుగానూ ఉంది. తన ఒంటరితనం తీరుతుందని పిల్ల చదువు ఆపేస్తున్నాడా? పిల్ల చదువని భార్యను దూరంగా ఉంచేస్తున్నాడా? ఏ వైపు ఆలోచించినా తనే దోషిలా కనబడుతున్నాడు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి పక్కింటి దానమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. వాళ్ళమ్మాయి ఇంటర్లో చేరుతోంది.

"ప్రసన్న పుస్తకాలిచ్చేస్తానంటే వచ్చేనన్నయ్యగారూ," అంది నవ్వుతూ.

ప్రసన్న పుస్తకాల కట్ట తెచ్చి దానమ్మ చేతిలో పెట్టింది. దానమ్మ అందుకుంది. కానీ ప్రసన్న చెయ్యి కట్టను వదల్లేదు. దానమ్మ మెల్లగా లాగింది. ప్రసన్న వేళ్ళు ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి. ఇద్దరూ ఆ కట్టను చెరోవైపు పట్టుకుని నిలబడ్డారు. అంతలో పిల్ల కళ్ళనుంచి నీళ్ళు బొటబొటా రాలాయి.

దానమ్మ కంగారుగా చెయ్యి తీసేసింది. "తర్వాత వస్తాన్లే అమ్మా," అని వెళ్ళిపోయింది.

అప్పారావు కూతుర్ని మంచంమీద కూర్చోబెట్టాడు. "ఇష్టం లేదన్నావు కదమ్మా?"

"ఉంది నాన్నా." వెక్కిళ్ళ మధ్య చెప్పింది. "చాలా ఉంది. కానీ నేను మళ్ళీ రాస్తానంటే అమ్మ ఇంకో రెండేళ్ళు ఉండిపోద్ది. ఆ తర్వాత నాకు సీటొస్తే ఫీజులని ఇంకా ఉంటది. అమ్మ వచ్చేస్తే చాలు నాకు. నువ్వు మాత్రం చెప్పకు. నామీదొట్టు."

అప్పారావుకు ఏం చేయాలో తోచలేదు. చెబితే భార్య రాదు. చెప్పకపోతే పిల్ల తన కోరికను తానే పూడ్చిపెట్టుకుంటుంది. కంచంలో అన్నం కలిపి, ముద్ద ఎత్తకుండా చాలాసేపు కూర్చున్నాడు.

సుబ్బమ్మ మజ్జిగ పోస్తూ, "మొదట్నుంచీ చూస్తన్నాను. ముగ్గురూ ఒకళ్ళకి తెలీకుండా ఒకళ్ళు త్యాగాలు చేసేస్తన్నారు. ఒక్కసారి నోళ్ళు విప్పి మాట్లాడుకోకూడదేంట్రా?" అంది.

సాయంత్రం అతనే కువైట్‌కు కాల్ చేశాడు. ప్రసన్న వద్దని చెయ్యి పట్టుకుంటున్నా వినలేదు. "ఒట్టు నామీదికే రానీ అమ్మా," అని, మధ్యాహ్నం జరిగినదంతా భార్యకు చెప్పేశాడు.

వాళ్ళు అనుకున్నట్టు ఆదిలక్ష్మి 'అయితే నేనుండిపోతాను' అని మాత్రం అనలేదు. మొహానికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఏవండీ, నేనూ అబద్ధం చెప్పేనండీ," అంది చివరికి. "అంతా దాని చదువుకోసమే కాదు. నాకు రావాలంటే భయమేస్తుంది."

"భయమేంటే?"

"కిందటిసారి వచ్చినప్పుడు, దానికి జ్వరమొస్తే నన్ను పక్కనెట్టుకుని 'నానమ్మా' అని పిలిచింది. అది ఏం తింటదో నాకు తెలీదు. ఎందుకు అలుగుద్దో తెలీదు. ఇక్కడుంటే డబ్బు పంపే అమ్మనన్నా అవుతాను. అక్కడికొస్తే ఏవవుతానండీ? అది డాక్టరయ్యేదాకా ఇక్కడుంటే, అప్పుడైనా నాకో పేరుంటదనుకున్నాను."

ఇన్నేళ్ళూ ఆమె ధైర్యం చూసి అప్పారావు బతికాడు. ఆ ధైర్యం వెనక ఇంత బెరుకుందని ఒక్కనాడూ అనుకోలేదు.

ప్రసన్న ఫోన్ లాక్కుంది. "నాకూ నీ గురించి తెలీదమ్మా! నువ్వెందుకు నవ్వుతావో, ఎందుకు కోప్పడతావో. నువ్వు రాకపోతే ఎలా తెలుస్తది?"

"మరి చదువో?"

"ఇంట్లో ఉండి అమలాపురం మాస్టారి దగ్గరే చదువుకుంటాను, హాస్టలు ఖర్చుండదు. రోజూ బస్సుమీద వెళ్ళొస్తాను. సీటొస్తే వస్తది. రాకపోతే అప్పుడు నర్సింగు. ఏవవుద్దో నాకూ తెలీదమ్మా."

"నాకూ తెలీదే," అంది ఆదిలక్ష్మి.

"నాకసలే తెలీదు," అన్నాడు అప్పారావు.

ఎవరు ముందు నవ్వారో గానీ, కళ్ళనీళ్ళతోనే ముగ్గురూ నవ్వారు.

శ్రావణమాసం చివర్లో ఆదిలక్ష్మి వచ్చేసింది. మర్నాడు ఇంకా తెల్లవారకుండానే లేచి వంటింట్లోకి వెళ్ళింది. అప్పారావు మంచంమీంచి వింటున్నాడు. ఒక డబ్బా మూత తీసిన చప్పుడు, మళ్ళీ పెట్టిన చప్పుడు. ఇంకొకటి. తర్వాత ఇంకొకటి. లేచి వెళ్దామా, వద్దా అని తటపటాయించాడు.

అంతలో ముందుగదిలో చదువుకుంటున్న ప్రసన్న లేచి వెళ్ళింది.

"ఏం కావాలమ్మా?"

"టీపొడి ఎక్కడెట్టేరే? నా వంటింట్లో నాకే కనపడట్లేదు."

"ఇదిగో, గూట్లో. పంచదార ఆ వెనకాల. నానమ్మకి పంచదార వెయ్యకూడదు. నాన్నకి రెండు చెంచాలు."

"మరి నీకు?"

"నేను టీ తాగనమ్మా. పాలు తాగుతాను."

స్టవ్ వెలిగిన చప్పుడైంది.

"పాలు," అంది ఆదిలక్ష్మి, పాఠం వల్లెవేస్తున్నట్టు. "ప్రసన్నకి పాలు."