రెండు కామాల మధ్య మనిషి

ప్రభుత్వ రహస్య సంకేతాలు చూసే కోడ్ ఆఫీసర్‌ని మంగళవారం పొద్దున సెలూన్ కుర్చీలోనే కాల్చేశారు. అప్పటికి గడ్డం సగమే గీయడం అయింది.

నిఘా విభాగం చీఫ్ తన బల్ల మీద ఒక నోట్‌బుక్ పడేశాడు. హతుడి భార్య ఇంగ్లీషు క్లాసుది. 'తొమ్మిది' అని పిలిచే ఏజెంట్ పేజీ తిప్పింది. ఇంగ్లీషులో ఒకే వాక్యం: మా ఆయన, కోడ్ ఆఫీసర్, మంగళవారం ఎనిమిదింటికి సెలూన్‌కి వెళ్తారు. పక్కన ఎర్రసిరాతో 'వెరీ గుడ్'.

"దీన్ని అపోజిటివ్ అంటారట," అన్నాడు చీఫ్. "మనిషిని చెప్పి కామా, ఆయనెవరో చెప్పి మళ్ళీ కామా. ఆఫీసర్ల భార్యలకి మధ్యాహ్నం క్లాసు. టీచర్ మన మనిషే."

"మన మనిషా?"

"శత్రువుల మనిషి కూడా. ఇప్పుడే పట్టుకుంటే కాల్చినవాళ్లు జారిపోతారు. ఎర వెయ్యి. మనవాళ్లు వీధి మూల లాండ్రీలో ఇస్త్రీ చేస్తూ కాపు కాస్తుంటారు."

తొమ్మిది చదువు ఎనిమిదో క్లాసుతో ఆగిపోయింది కాబట్టి వేషానికి కష్టపడక్కర్లేకపోయింది. కొత్త కోడ్ ఆఫీసర్ భార్యనని చెప్పి చివరి బెంచీలో కూర్చుంది.

మేడమ్ అందగత్తె. సెంటు వాసన ముందొచ్చాక ఆమె వచ్చేది. మాట మాత్రం ముల్లు.

"అన్నదమ్ములు నలుగురుంటే ఏ అన్నో తెలియాలి, అక్కడ కామాలొద్దు. మొగుడు ఒక్కడే కదా? కామాలు పెట్టి తీరాలి. ఈ మాత్రం బుర్రకెక్కదా?"

ఎవరు, ఏ ఉద్యోగం, ఎక్కడికి, ఎన్నింటికి, అన్నీ వాక్యంలో ఉండాలంది. మూడున్నరకల్లా నోట్‌బుక్కులు తన బల్ల మీద పెట్టమంది.

పక్కన పైలట్ భార్య, ఒళ్లో పసివాణ్ణి ఆడిస్తూ రాస్తోంది: మా ఆయన, మంత్రిగారి హెలికాప్టర్ పైలట్, నాలుగింటికి పాపని బడి నుంచి తెస్తారు.

తొమ్మిది ఆ పేజీలోకి తొంగి చూసింది. బడి గేటు దగ్గర తండ్రీ కూతురూ చెయ్యి పట్టుకుని నిలబడతారు. వాళ్ల కోసం ఇంకెవరో కూడా నిలబడతారు.

"అన్నీ తప్పులే," అని గొణిగింది. "చింపెయ్. నాది చూసి రాసుకో."

"మీకేదో అంతా వచ్చినట్టు," అని పైలట్ భార్య మూతి ముడిచింది. అయినా చింపింది. మా ఆయన, కొత్త కోడ్ ఆఫీసర్, నాలుగింటికి లాండ్రీకి వెళ్తారు అని రాసుకుంది.

తొమ్మిది ఊపిరి పీల్చుకుని చూస్తే తన నోట్‌బుక్ లేదు. ముందు బెంచీకి, అక్కణ్ణించి ఆ ముందు బెంచీకి చేతులు మారిపోతోంది. చూసి రాసుకునే వీలు దొరికితే పదేళ్లదైనా పాతికేళ్లదైనా వదులుకుంటుందా?

మేడమ్ మొదటి నోట్‌బుక్ తెరిచింది. కళ్లు మెరిశాయి. లిప్‌స్టిక్ మూత తీసి, అందులో దాచిన మైకులో ఏదో గుసగుసలాడింది. కిటికీ కింద కారు కదిలింది. రెండో నోట్‌బుక్. మూడోది. నాలుగోదాని మీద ఎర్ర పెన్ను ఆగిపోయింది. మిగతావన్నీ గబగబా తిరగేసింది.

"పన్నెండు మందికీ ఒకడే మొగుడా?" అంది నెమ్మదిగా. "ముందు రాసిందెవరు?"

చూపులన్నీ చివరి బెంచీ వైపు తిరిగాయి.

లిప్‌స్టిక్ మళ్ళీ నోటి దగ్గరికి లేచింది. "వెనక్కి" అన్న మాటలో మొదటి అక్షరమే బయటికొచ్చింది. తొమ్మిది మూడు బెంచీలు దాటి ఆ మణికట్టు విరిచిపట్టింది. లిప్‌స్టిక్ చెప్పు కింద చితికింది. గోడ గడియారం నాలుగు కొట్టింది. తొమ్మిది చెవి జూకాలోంచి చీఫ్ గొంతు: "కాల్చినవాళ్లిద్దరూ దొరికారు."

బేడీలు పడుతుంటే మేడమ్ విషం కక్కింది. "ఇంగ్లీషు ముక్క రాని మొహం. ఆ ఒక్క వాక్యంలో మూడు తప్పులు."

పైలట్ భార్య తన పేజీ చూసుకుంది. తొమ్మిదిని కొరకొరా చూసింది.

"ఈవిడ మాట విని చెడ్డాను," అంటూ పసివాణ్ణి చంకనేసుకుని, మొగుడూ కూతురూ ఇంటికొచ్చే వేళయిందని బయల్దేరింది.