ఇద్దరూ దాచిన ఆగస్టు

ఆ రెండో శనివారం ఉదయం అల్లుడు అనిల్ కుమార్ ఇడ్లీలు తిని, రాజమండ్రిలో తన మందుల షాపుకి బయల్దేరాడు. కూతురు ఆశాజ్యోతికి ఇరిగేషన్ ఆఫీసు సెలవు. పెరట్లో బట్టలు ఆరేస్తోంది. మంగళవారం ప్రయాణం కాబట్టి, సంపూర్ణమ్మ పాస్‌పోర్టు కోసం బీరువా తెరిచింది.

ముప్ఫై రెండేళ్లు ప్రభుత్వాస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన సంపూర్ణమ్మ, భర్త పోయిన మరుసటి ఏడాది ఆఫ్రికాలోని మలావీ దేశానికి వాలంటీరుగా వెళ్లింది. ఒక సేవాసంస్థ వాళ్లు చర్చికి వచ్చి అడిగినప్పుడు చెయ్యెత్తింది ఆమె ఒక్కతే. ఒక పల్లెటూళ్లో ప్రసూతి కేంద్రం, దాని వెనక ఆమెకిచ్చిన చిన్న గది. రెండేళ్ల ఒప్పందంలో ఏడాదిన్నర గడిచాక, నెల రోజుల సెలవు మీద ధవళేశ్వరంలో కూతురింటికి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ జ్యోతి ముక్తసరిగానే మాట్లాడుతోంది. ఉద్యోగపు అలసట కాబోలు అనుకుంది సంపూర్ణమ్మ.

పాస్‌పోర్టు కింద ఒక ఆస్పత్రి ఫైలు కనపడింది. పైన జ్యోతి పేరు. కిందటి ఆగస్టు తేదీ. ఆ కాగితాన్ని సంపూర్ణమ్మకి ఎవరూ చదివి చెప్పక్కర్లేదు. ఐదో నెల. బిడ్డ కడుపులోనే పోయింది.

ఆ నెల ఫోన్లో, "గొంతేంటే అలా ఉంది?" అని తను అడగడం, "జలుబమ్మా" అని జ్యోతి అనడం గుర్తొచ్చాయి. ఫైలు పట్టుకుని పెరట్లోకి నడిచింది.

"ఇదేంటి జ్యోతీ?"

జ్యోతి చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే ఏం చేసేదానివి? ప్రార్థన చేస్తానని మెసేజ్ పెట్టేదానివి."

"వచ్చేదాన్ని."

"రావమ్మా. మొన్న ఆదివారం చర్చిలో నిలబడి, మూడొందల కాన్పులు చేశానని చెప్పావు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడ పిల్లలంతా నన్ను అగోగో అంటారు, అంటే అమ్మమ్మ అని మురిసిపోయావు. నేను వెనక బల్ల మీద కూర్చుని విన్నాను. ఇక్కడ నిన్ను అమ్మమ్మా అని పిలవాల్సింది..."

చీర బకెట్లో పడేసి జ్యోతి లోపలికి వెళ్లిపోయింది.

సంపూర్ణమ్మ వెనకే వెళ్లింది. కూతురు మంచం అంచున గోడ వైపు తిరిగి కూర్చుంది. ఎదురుగా నిలబడే ధైర్యం లేక ఆమె గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"ఆ ఆగస్టులోనే నాకు మలేరియా వచ్చింది. తొమ్మిది రోజులు లేవలేదు."

జ్యోతి ఇటు తిరిగింది. "బాగున్నానన్నావు కదా?"

"నీకు బెంగెందుకని. వాళ్లు మంచివాళ్లే జ్యోతీ. వంతులేసుకుని నా దగ్గర పడుకున్నారు. జ్వరంలో నేను తెలుగులో మాట్లాడుతుంటే, చలేస్తోందేమోనని దుప్పటి మీద దుప్పటి కప్పారు. నేనడిగింది మంచినీళ్లు."

సంపూర్ణమ్మ ఒళ్లో ఫైలు సర్దుకుంది.

"సాయంత్రం ఆరయ్యేసరికి ఎవరిళ్లకి వాళ్లు పోతారు. నేను మీ నాన్నతో మాట్లాడుకుంటూ ఉంటాను, పైకే. లేకపోతే మన మాట మర్చిపోతానేమోనని భయం."

"అంత ఒంటరిగా ఉంటే మరెందుకెళ్లావమ్మా?"

"మీ నాన్న పోయాక నిడదవోలు ఇంట్లో నా తలుపు కొట్టేవాళ్లే లేరు. అక్కడ నొప్పులొస్తే ఎవరో ఒకరు వచ్చి కొడతారు. సేవ అని చర్చిలో చెప్పాను. అబద్ధం కాదు. కానీ వెళ్లింది ముందు ఇందుకే."

జ్యోతి లెక్కేసుకుంది. నిడదవోలు ఇక్కడికి గంట ప్రయాణం. నాన్న పోయాక ఆ ఏడాదంతా కలిపి తను వెళ్లింది నాలుగుసార్లు.

"నేను రావాల్సింది," అంది మెల్లగా.

"నేను అడగాల్సింది. నర్సునై ఉండి, నీ గొంతు విని కూడా జలుబంటే నమ్మేశాను." సంపూర్ణమ్మ ఫైలు మూసి పక్కన పెట్టింది. "బిడ్డని చూశావా?"

"నన్ను చూడొద్దన్నారు. ఆయన చూశారు. ఆడపిల్లట."

"నీ దగ్గర ఎవరున్నారే?"

"ఆయన కొన్నాళ్లున్నారు. తర్వాత షాపు. రెండో వారంలో నేనూ ఆఫీసుకి వెళ్లిపోయాను. అందరూ మళ్లీ పుడతారులే అన్నారు."

సంపూర్ణమ్మ లేచి చాప తెచ్చి నేల మీద పరిచింది. "నేనుండే ఊళ్లో ఇలా జరిగితే ఆడవాళ్లంతా వచ్చి తల్లి పక్కన చాప మీద కూర్చుంటారు. ఓదార్చరు. ఊరికే కూర్చుంటారు. నేనూ ఎంతమంది దగ్గరో కూర్చున్నాను." చెయ్యి చాపింది. "రా."

జ్యోతి దిగి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. ముందు ఏడుపు రాలేదు. తర్వాత మొదలై ఆగలేదు. సంపూర్ణమ్మ ఊరుకోమనలేదు. ఇన్ని కాన్పులు చేసిన చేతులు ఆ ఒక్క బిడ్డని ఎత్తుకోలేదని ఆమె కూడా ఏడ్చింది. భోజనానికి వచ్చిన అనిల్ పొయ్యి వెలిగించలేదని గమనించాడు. ఏమీ అడక్కుండా తనే బియ్యం కడిగాడు.

సాయంత్రం సంపూర్ణమ్మ సంస్థవాళ్లకి ఫోన్ చేసి ప్రయాణం మూడు వారాలు వాయిదా వేయించుకుంది. జ్యోతి ఉండిపొమ్మని అడగలేదు.

"మిగిలిన ఆర్నెల్లూ చేసే రా అమ్మా. కానీ ఈసారి జ్వరమొస్తే జ్వరమనే చెప్పు."

"చెప్తాను. మరి నువ్వు?"

జ్యోతి తల వంచుకుంది.

"ఇప్పటికీ నిద్ర పట్టట్లేదమ్మా," అంది.